ఈస్ట్ కణంలో కాల్షియం ఎక్కడి నుంచి పొంగింది? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

ఎమ్మెస్సీ వైవాల్లో ఏటా నాకు ఒకే బొమ్మ ఎదురవుతుంది. కణం పైపొర మీద గ్రాహకం, దాని కింద జీ ప్రోటీన్, పక్కన ఫాస్ఫోలైపేజ్ సీ. అక్కడ పుట్టిన ఐపీ3 అనే చిన్న అణువు వెళ్లి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ తలుపు తడుతుంది, లోపలి కాల్షియం బయటికి దూకుతుంది. బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. కింద పేరు మాత్రం "ఈస్ట్ కణం" అని ఉంటుంది. "మేడమ్, పుస్తకంలో ఇలాగే ఉందండీ" అంటారు పిల్లలు. పుస్తకంలో ఉన్నది జంతు కణం. ఐపీ3 కాల్షియాన్ని విడుదల చేస్తుందని 1983లో తేలింది క్లోమ కణాల మీద. ఈస్ట్ కథ వేరు.

ఎంత వేరో చెప్పడానికి నేను మా బెజవాడ వరదనే వాడుకుంటాను. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్‌లో ఇళ్లు మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. దూరాన టీవీ చూసినవాళ్లు కృష్ణ ఊళ్లోకి వచ్చిందనుకున్నారు. సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. నడుం లోతు నీళ్లని చూసి అవి ఏ ఏటివో చెప్పలేం. ఈస్ట్‌లో కాల్షియం కొలవడమూ అంతే. మీటరు మీద గీత పైకి లేస్తుంది, సంబరపడి "కాల్షియం విడుదలైంది" అని రాసేస్తాం. విడుదలైందా, బయటి నుంచి చొరబడిందా? ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

అడుగు 1: ముందు మ్యాపు గీసుకోండి

మామూలుగా ఈస్ట్ సైటోసాల్‌లో, అంటే కణం లోపలి ద్రవంలో, స్వేచ్ఛగా తిరిగే కాల్షియం 50 నుంచి 200 నానోమోలార్ మాత్రమే. బయట మీడియంలో అది మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, అంటే వేల రెట్లు ఎక్కువ. చిన్న తలుపు తెరుచుకున్నా పోటెత్తడానికి ఆ తేడా చాలు.

లోపలి గోదాము వాక్యూల్. కణంలోని కాల్షియంలో 90 శాతానికి పైగా అక్కడే ఉంటుంది, అదీ ఎక్కువ భాగం పాలీఫాస్ఫేట్ గొలుసులను పట్టుకుని. గోదాములోకి ఎత్తిపోసే మోటార్లు రెండు. పీఎంసీ1 ఏటీపీ ఖర్చు పెట్టి తోస్తుంది. వీసీఎక్స్1 ప్రోటాన్లను ఇచ్చి కాల్షియం పుచ్చుకుంటుంది. మూడోది పీఎంఆర్1, అది గాల్జీకి పంపుతుంది.

ఫాస్ఫేట్ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతి ఇచ్చారు. పాలీఫాస్ఫేట్‌ను ఆమ్లంతో విరగ్గొట్టి ఎంత ఉందో చూడాలంటే ఇవాళ్టికీ ఆ నీలిరంగు పనికొస్తుంది.

ఇక తలుపులు. పైపొర మీద సీసీహెచ్1, మిడ్1 కలిసి ఒక తలుపు. అది బయటి కాల్షియాన్ని లోపలికి వదులుతుంది. వాక్యూల్ పొర మీద వైవీసీ1, ఇది గోదాము తలుపు. 2001లో బయటపడిన ఈ వైవీసీ1 ట్రిప్ అనే చానెళ్ల కుటుంబానికి చెందింది. గుంటూరు మిర్చి యార్డు ముందు నుంచి వెళ్తుంటే గొంతు గరగరలాడి కళ్లు మండుతాయి కదా, ఆ మంటను పసిగట్టే ట్రిప్‌వీ1 కూడా అదే కుటుంబం. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. చుట్టరికం వరకే నిజం, తాళాలు మాత్రం వేరు.

మరి ఐపీ3 గ్రాహకం? ఈస్ట్ జన్యుపటం 1996లోనే పూర్తయింది, సుమారు 6,000 జన్యువులు. జంతువుల ఐపీ3 గ్రాహకాన్ని పోలింది వాటిలో కనిపించలేదు. ఐపీ3ని తయారు చేసే పీఎల్‌సీ1 ఎంజైము మాత్రం ఉంది. తయారైన ఐపీ3కి వరసగా ఫాస్ఫేట్లు తగిలి ఐపీ6 అయిపోతుంది, దానికి కేంద్రకం దగ్గర వేరే పనులున్నాయి. విడదీసిన వాక్యూల్ పొరల మీద ఐపీ3 చల్లితే కాల్షియం బయటికి వచ్చిందన్న ప్రయోగాలు 1990ల తొలినాళ్లలో అచ్చయ్యాయి. కానీ తలుపు తీసినట్టు కనిపించినా, ఆ తలుపుకు తగిన జన్యువు దొరకలేదు.

అడుగు 2: ఏ కబురు పంపుతారో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే నెలల పని నీళ్లపాలవుతుంది.

మొదటిది ఉప్పు దెబ్బ. బయట గాఢత ఒక్కసారిగా పెరిగితే కణంలోంచి నీరు లాగేస్తుంది, వాక్యూల్ ముడుచుకుంటుంది. అప్పుడు ఫ్యాబ్1 అనే ఎంజైము వాక్యూల్ పొర మీద పీఐ 3,5 పీ2 అనే కొవ్వు కబురును తయారు చేస్తుంది. నిమిషాల్లోనే దాని మోతాదు సుమారు 20 రెట్లు పెరుగుతుందని 1997లో చూశారు. వైవీసీ1 తెరుచుకోవడానికి ఈ కొవ్వు అణువు ఊతమిస్తుంది. పొర సాగడం కూడా ఆ తలుపును తెరుస్తుంది. సైటోసాల్‌లో అప్పటికే కాస్త కాల్షియం ఉంటే ఇంకా తెరుస్తుంది, అంటే కాల్షియమే కాల్షియాన్ని పిలుస్తుంది. ఉప్పు దెబ్బకు వాక్యూల్ నుంచి వైవీసీ1 ద్వారా కాల్షియం విడుదలవుతుందని 2002లో స్పష్టంగా చూపించారు. అసలైన "విడుదల" చూడాలనుకుంటే దీనితోనే మొదలుపెట్టండి.

రెండోది ఆల్ఫా ఫ్యాక్టర్. 13 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, ఆల్ఫా రకం ఈస్ట్ 'ఏ' అనే రెండో రకానికి పంపే పెళ్లి కబురు. ఎస్‌టీఈ2 అనే గ్రాహకం దాన్ని అందుకుంటుంది. కణం ఒక పక్కకు సాగి తొడిమవైపు సన్నబడిన జామకాయలా తయారవుతుంది. కాల్షియం పెరగడం అరగంట దాటాక మొదలవుతుంది, అదీ బయటి నుంచే, సీసీహెచ్1, మిడ్1 తలుపులోంచి. ఆ కాల్షియం అందకపోతే రూపం మారిన కణాలు చచ్చిపోతాయి. మిడ్1 పేరు వెనక ఉన్నది ఈ చావే, పేరులోని 'డి' అంటే డెత్. కబురు రసాయనమే, కాల్షియం కూడా పెరుగుతుంది, కానీ అది విడుదల కాదు. సింగ్‌నగర్ తప్పు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది.

మూడోది గ్లూకోజ్. ఆకలితో ఉంచిన కణాలకు గ్లూకోజ్ ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో చిన్న పొంగు కనిపిస్తుంది. పీఎల్‌సీ1 జన్యువు తీసేస్తే ఆ పొంగు తగ్గుతుంది. ఐపీ3 మీద మక్కువ తీరనివాళ్లు ఇక్కడ పని చేసుకోవచ్చు. అయితే ఈ పొంగులోనూ బయటి కాల్షియానిదే పెద్ద వాటా, జాగ్రత్త.

ఇండోల్ వంటి సుగంధ వలయాలున్న పదార్థాలు వైవీసీ1ను నేరుగా తెరుస్తాయని 2008లో తెలిసింది. కణంలో గ్లూటాథయోన్ తరిగినా ఈ తలుపు తెరుచుకుంటుందని మొహాలీ ఐసర్ బృందం 2016లో చూపించింది. ఈ రెండూ రెండో ఏడాది ప్రాజెక్టుకు దాచుకోండి.

అడుగు 3: ఈస్ట్ తెచ్చుకోండి

బేకరీ వాళ్లు వాడే పొడి ఈస్ట్ కూడా ఇదే జాతి, కానీ దాంతో ఈ పని కుదరదు. జన్యువు ఒక్కటే తీసేసిన తోబుట్టువులు మీకు కావాలి. బీవై4741 అనే ప్రయోగశాల రకం, దాని నుంచి వైవీసీ1 తీసేసినది, సీసీహెచ్1 లేదా మిడ్1 తీసేసినది, వీలైతే పీఎల్‌సీ1 తీసేసినది. బీవై4741 'ఏ' రకానిది కాబట్టి ఆల్ఫా ఫ్యాక్టర్‌కు స్పందిస్తుంది. ఇది బార్1 అనే, ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమును వదిలి ఆ పెప్టైడ్‌ను తినేస్తుంది, అందుకే మోతాదు 5 నుంచి 10 మైక్రోమోలార్ దాకా పెట్టాలి. బార్1 లేని రకం దొరికితే పెప్టైడ్ ఖర్చు బాగా తగ్గుతుంది.

వీటిలోకి పరాయి జన్యువు ఎక్కిస్తున్నారు కాబట్టి మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. 1989 నిబంధనల ప్రకారం అది తప్పనిసరి.

అడుగు 4: వెలిగే ప్రోటీన్ ఎక్కించండి

జంతు కణాల్లో కాల్షియం చూడటానికి వాడే ఫ్యూరా రంగులు ఈస్ట్‌లో సరిగా ఎక్కవు. గోడ అడ్డం వస్తుంది, ఎక్కిన కాస్తా వాక్యూల్‌లోకి జారుకుంటుంది. మంచి సూక్ష్మదర్శిని అందుబాటులో ఉంటే జీక్యాంప్ అనే, కాల్షియం తగిలితే మెరిసే ప్రోటీన్ బాగుంటుంది. ఎక్కువమందికి సరిపడేది ఈక్వోరిన్. ఒసాము షిమొమురా 1962లో జెల్లీచేప నుంచి తీసిన ప్రోటీన్ ఇది. దాని జన్యువున్న ప్లాస్మిడ్‌ను, అంటే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని, లిథియం అసిటేట్ పద్ధతిలో ఈస్ట్‌లోకి పంపండి. ప్లాస్మిడ్ జారిపోకుండా ఎప్పుడూ ఎంపిక మీడియంలోనే పెంచండి.

ఈస్ట్ తయారు చేసేది ఉత్త ప్రోటీన్‌నే. దానికి సీలెంటరజైన్ అనే చిన్న అణువు చేర్చాలి. అప్పుడే మూడు చోట్ల కాల్షియం తగులుకున్నప్పుడు 470 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు వస్తుంది. సీలెంటరజైన్ ఖరీదైనది. మిథనాల్‌లోనే కరిగించండి, డీఎంఎస్ఓలో అది చెడిపోతుంది. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

కల్చర్ చిక్కదనం (ఓడీ) 600 నానోమీటర్ల దగ్గర 0.5 నుంచి 1 మధ్య ఉన్నప్పుడు తీయండి. స్పిన్ చేసి, తక్కువ మీడియంలో చిక్కగా కలిపి, 5 మైక్రోమోలార్ సీలెంటరజైన్ వేసి చీకట్లో ఉంచండి. అరగంట చాలనేవాళ్లున్నారు, కొన్ని గంటలు ఉంచేవాళ్లూ ఉన్నారు. మీ ట్యూబులో ఏది ఎక్కువ వెలుగిస్తుందో ఒకసారి చూసుకుని, ఆ సమయానికే కట్టుబడండి. ఈ కలయికకు ఆక్సిజన్ కావాలి. కణాలను అడుగున ముద్దలా వదిలేసి టీకి పోతే సిగ్నల్ సగానికి పడిపోతుంది, అనుభవంతో చెబుతున్నాను. మెల్లగా ఊపుతూ ఉండండి. తర్వాత కడిగి, తాజా మీడియంలో 30 డిగ్రీల దగ్గర ఇంకో అరగంట కుదురుకోనివ్వండి.

అడుగు 5: నీళ్లు, వేడి

1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో కొట్టుకునేలా చేశాడు. ఆ ద్రావణం కుళాయి నీళ్లతో కలిపినది. స్వచ్ఛమైన నీళ్లతో కలిపితే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియం ఆయనకు తెలియకుండానే పని చేసింది. మనది పల్నాడు సున్నపురాయి పక్కనే ఉన్న నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలు ఎక్కడో లేవు, గుంటూరు నుంచి బస్సెక్కితే వస్తాయి. బోరు నీళ్లతో కడిగిన బీకరు ఆరాక తెల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అది కాల్షియమే. ఈ పనికి గాజు వద్దు, కొత్త ప్లాస్టిక్ ట్యూబులు, రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లు వాడండి.

వేడి ఇంకో శత్రువు. ఒక మే నెలలో మేము చేసిన వారం రీడింగులన్నీ పారేయాల్సి వచ్చింది. కరెంటు పోయింది, ఏసీ ఆగింది, కల్చర్ గదిలో వేడి 40 దాటింది. ఈస్ట్‌కు ఆ వేడే ఒక దెబ్బ, దానికి కూడా కాల్షియం కదులుతుంది. కబురు పంపకముందే గీత పైన ఉంది. "మేడమ్, ఈసారి సిగ్నల్ భలే వచ్చింది" అని పిల్ల పరుగున వస్తే, థర్మామీటర్ చూసి రమ్మన్నాను. ఇప్పుడు ఆ పని జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకుంటున్నాం.

అడుగు 6: ఒక రన్

వెలుగును కొలిచే ల్యూమినోమీటర్ ట్యూబులో 100 మైక్రోలీటర్ల కణాలు వేయండి. ఒకటి రెండు నిమిషాలు ఏమీ చేయకుండా రీడింగు తీయండి, గీత చదునుగా పడాలి. తర్వాత చక్కెర లాంటి సార్బిటాల్, 3 మోలార్‌ది, 100 మైక్రోలీటర్లు కలపండి, చివరికి 1.5 మోలార్ అవుతుంది. సార్బిటాల్ ఇంత చిక్కగా ఉంటే పిపెట్‌కు అంటుకుంటుంది, తేనె తీసినట్టు నెమ్మదిగా తీసి ఒక్క తోపులో వదలండి. సెకన్లలో గీత లేచి, మళ్లీ దిగుతుంది. అదే పని ఉప్పుతోనూ చేయండి. రెండింటికీ స్పందిస్తే అది గాఢత దెబ్బ. ఉప్పుకే స్పందిస్తే సోడియం ప్రభావం ఉందని అనుమానించాలి.

ఒక ట్యూబులో ఉత్త మీడియం 100 మైక్రోలీటర్లు పోయండి. పోసిన కుదుపుకే చిన్న మెరుపు రావచ్చు. ఈ ఖాళీ కబురు ట్యూబు లేని డేటాను నేను చూడను కూడా చూడను.

ఈక్వోరిన్ అణువు ఒక్కసారే వెలుగుతుంది, అయిపోతే అయిపోయినట్టే. అందుకే రన్ చివర కణాల పొరను కరిగించే ట్రైటాన్ ఎక్స్-100, దాంతోపాటు కాల్షియం క్లోరైడ్ పోసి మిగిలిన ఈక్వోరిన్ మొత్తాన్ని వెలిగించేయండి. ప్రతి క్షణం వచ్చిన వెలుగును, అప్పటికి మిగిలి ఉన్న మొత్తం వెలుగుతో భాగించండి. ఈ పని చేయకపోతే, కణాలు ఎక్కువ పడిన ట్యూబు గెలిచినట్టు కనిపిస్తుంది. వెలుగు కాల్షియంతో నేరుగా సమానంగా పెరగదనీ గుర్తుపెట్టుకోండి. గాఢత రెట్టింపైతే వెలుగు నాలుగు రెట్లు దాటవచ్చు. గీత ఎత్తును బట్టి "ఇంతింత కాల్షియం" అని తొందరపడి అంకె వేయకండి.

అడుగు 7: బయటి కాల్షియాన్ని కట్టేయండి

అసలు పని ఇది. బయటి కాల్షియం లేకుండా చేసినా పొంగు వస్తే అది లోపలిదే. చెప్పినంత తేలిక కాదు.

అందరి చేతికి ముందు తగిలేది ఈజీటీఏ. అది తటస్థ పీహెచ్‌లో కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఈస్ట్ మీడియం పుల్లనిది, 5 చుట్టూ ఉంటుంది. పీహెచ్ ఒక మెట్టు దిగితే ఈజీటీఏ పట్టు సుమారు 100 రెట్లు సడలుతుంది. అంటే మీడియంలో ఈజీటీఏ ఉన్నా లేనట్టే. పైగా అది కాల్షియాన్ని పట్టుకుంటూ ప్రోటాన్లను వదులుతుంది, పీహెచ్ ఇంకా దిగుతుంది. "ఈజీటీఏ వేశాం, పొంగు ఆగలేదు, కాబట్టి లోపలి నుంచే" అన్న వాక్యం నేను ఎన్ని థీసిస్‌లలో కొట్టేశానో లెక్క లేదు.

రెండు దార్లున్నాయి. ఒకటి, మీడియంను బఫర్‌తో 7 దగ్గరికి తెచ్చి ఈజీటీఏ వాడటం. ఆ మార్పు కణానికి ఇబ్బంది కాదని విడిగా చూపించాలి. రెండోది బాప్టా. రోజర్ సియన్ 1980లో తయారు చేసిన ఈ అణువుకు పీహెచ్ పట్టింపు చాలా తక్కువ. ఖర్చు ఎక్కువే, పని మాత్రం నమ్మకంగా చేస్తుంది.

లెక్క కూడా చూసుకోండి. ఈస్ట్ మీడియంకు వాడే మామూలు ఈస్ట్ నైట్రోజన్ బేస్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం క్లోరైడ్ ఉంటుంది, దాదాపు 0.9 మిల్లీమోలార్. 1 మిల్లీమోలార్ బాప్టా అంటే సరిగ్గా అంచు మీద నిలబడినట్టు. 5 పెట్టండి. సార్బిటాల్ కలిపినప్పుడు సగానికి పలచబడుతుంది కాబట్టి సార్బిటాల్‌లోనూ అంతే కలపండి. పిల్లలు మరిచిపోయేది ఇదే.

బాప్టాను ఎంతసేపు ఉంచుతారన్నదీ ముఖ్యమే. గంటల తరబడి ఉంచితే వాక్యూల్ గోదామే ఖాళీ అవుతుంది. అప్పుడు పొంగు రాకపోతే తలుపు మూసుకుని రాలేదా, సరుకు లేక రాలేదా తెలియదు. కబురు పంపే ముందు రెండు మూడు నిమిషాలు చాలు.

అడుగు 8: తీర్పు

ఉప్పు దెబ్బకు మామూలు ఈస్ట్‌లో పొంగు వచ్చి, బాప్టా ఉన్నా అది నిలిచి, వైవీసీ1 లేని రకంలో మాయమైతే, వాక్యూల్ విడుదల అని ధైర్యంగా రాయవచ్చు. మూడూ కలిస్తేనే. ఆల్ఫా ఫ్యాక్టర్‌తో బాప్టా వేస్తే పొంగు పోతుంది, సీసీహెచ్1 లేదా మిడ్1 లేని రకంలోనూ పోతుంది. అది బయటి నీరు. వైవీసీ1 లేని రకంలో పొంగు పోయిందంటే ఆ రకం అసలు ఈక్వోరిన్‌నే సరిగా తయారు చేయడం లేదేమో కూడా చూడాలి, ట్రైటాన్ వేసినప్పటి మొత్తం వెలుగు ఆ సంగతి చెబుతుంది.

సగం తగ్గి సగం మిగిలితే? రెండు ఏర్లూ కలిశాయని అర్థం. బయటి నుంచి వచ్చిన కొంచెం కాల్షియం వైవీసీ1ను తెరవగలదని ముందే చెప్పాను కదా. గ్లూకోజ్ మీద ఇలాంటిది వస్తే ఆశ్చర్యపోవద్దు. అప్పుడు శాతాలు రాయండి, తీర్పు రాయకండి.

అడుగు 9: ల్యూమినోమీటర్ లేకపోతే

మన జిల్లాల డిగ్రీ కాలేజీల్లో చాలావరకు అది ఉండదు. అక్కడ కాల్షియాన్ని నేరుగా చూడలేం, కానీ దాని చుట్టూ జరిగేది చూడవచ్చు. న్యూట్రల్ రెడ్ రంగును కాస్త క్షార మీడియంలో ఇస్తే వాక్యూల్ ఎర్రబడుతుంది. కవర్‌స్లిప్ అంచున గాఢమైన ఉప్పునీటి చుక్క పెట్టి, అవతలి అంచు నుంచి ఫిల్టర్ కాగితంతో లాగితే వాక్యూల్ ముడుచుకోవడం కంటికే కనిపిస్తుంది.

ప్లేట్ల మీద ఇంకో ప్రయోగం. పీఎంసీ1 లేని ఈస్ట్‌ను 200 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉన్న అగార్ మీద చుక్కలుగా పెట్టండి. క్లోరైడ్‌ను విడిగా ఆటోక్లేవ్ చేసి చివర కలపండి, లేకపోతే ఫాస్ఫేట్‌తో కలిసి పాలలా విరుగుతుంది. మామూలు రకం పెరుగుతుంది, ఇది పెరగదు. అదే ప్లేట్‌లో ఎఫ్‌కే506 ఉంటే మాత్రం పెరుగుతుంది. కిడ్నీ మార్చిన రోగులు టాక్రోలిమస్ పేరుతో మింగే మందే అది. కాల్షియం పెరిగితే కాల్సినూరిన్ అనే ఎంజైము మేలుకుంటుంది. అది వీసీఎక్స్1 మోటారును అణిచేస్తుంది. మందు కాల్సినూరిన్‌ను ఆపితే ఆ మోటారు మళ్లీ తిరుగుతుంది. ఇది ఎత్తిపోసే మోటార్ల ప్రయోగం, విడుదలది కాదు. రికార్డులో ఆ మాట స్పష్టంగా రాయండి.

పనైపోయాక ట్యూబులు, ప్లేట్లు ఆటోక్లేవ్ చేశాకే పారేయండి.

అడుగు 10: వైవాకు బొమ్మ

వాక్యూల్‌ను పెద్దగా గీయండి, కణంలో పావు వంతు ఆక్రమించినా తప్పు లేదు. దాని మీద వైవీసీ1 తలుపు, పక్కన రెండు మోటార్లు. పైపొర మీద సీసీహెచ్1, మిడ్1. పీఐ 3,5 పీ2 నుంచి వైవీసీ1కు నిండు గీత. పీఎల్‌సీ1 నుంచి ఐపీ3కి కూడా నిండు గీతే. ఐపీ3 నుంచి వాక్యూల్ వైపు వెళ్లేది మాత్రం చుక్కల గీత, చివర ప్రశ్నార్థకం. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ మీద ఏ తలుపూ గీయకండి. "ఎందుకు గీయలేదమ్మా?" అని నేనే అడుగుతాను.